వెండాకు మొక్క సంజాయిషీ

బళ్లో హాజరు పిలిచినప్పుడు "ప్రజెంట్ సార్" అనడానికి చిన్నప్పుడు మన గుమాస్తాగారికి పట్టే సమయంలో మేష్టారు మరో నలుగురి పేర్లు దాటేసేవారు. అందుకని ఆరో తరగతి హాజరుపట్టీ ప్రకారం ఆయన ఆ ఏడాది మొత్తం మీద పదకొండు రోజులే బడికి వెళ్లాడు. ఆ పదకొండు రోజుల చదువుతోనే క్లాసులో రెండోవాడిగా నిలిచాడు. తండ్రి వెళ్లి అడిగితే, "రికార్డులో లేనిదానికి నేనేం చేయనండీ?" అన్నారు మేష్టారు. రికార్డు అనే మాట ఆయన చెవిన పడడం అదే మొదలు.

నత్తి పుట్టుకతో వచ్చింది కాదు. నాలుగో ఏట వచ్చింది, మళ్లీ పోలేదు. న, మ, వ అక్షరాలతో మొదలయ్యే మాటలు ఎలాగో నడిచేవి. మిగతావి గడప దగ్గరే ఆగిపోయేవి. ఎదుటివాళ్లు మంచివాళ్లు. ఆగిన మాటను ఆగినచోట వదిలేయడానికి మనసొప్పక తామే పూర్తిచేసి పెట్టేవాళ్లు. ఒకసారి బట్టల కొట్లో ఆయన "ఎ... ఎ..." అన్నాడు. "ఎర్రదా? అలా చెప్పండి మరి!" అని కొట్టతను ఎర్ర చొక్కా పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. ఆయన అడగబోయింది "ఎంత?" అని. ఆ చొక్కా ఆరేళ్లు తొడిగాడు.

పెళ్లీ అలాగే అయింది. రెండు వైపుల పెద్దలూ కూర్చుని ఉండగా, "ఏమంటావురా, అమ్మాయి నచ్చిందా?" అని పెద్దమ్మ అడిగింది. "ఆలోచించి చెబుతాను" అనబోయి మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాడు. "ఆ అన్నాడు! ఆ అన్నాడు!" అని పెద్దమ్మ లేచి నిలబడింది. దాంతో ఆలోచించే శ్రమ తప్పింది. వచ్చిన ఇల్లాలు మాటకారి. ఇద్దరికీ సరిపడా ఒక్కతే మాట్లాడేది. ఆలోచించి ఉన్నా ఆయన అంతకన్నా మంచి నిర్ణయానికి వచ్చేవాడు కాదు. ఆ సంగతి ఆమెకు చెబుదామని చాలాసార్లు అనుకున్నాడు. మొదలుపెట్టిన ప్రతిసారీ ఆమె దాన్ని ఇంకేదో చేసేసేది. ఒకసారి మంచినీళ్లు తెచ్చింది, మరోసారి కిటికీ మూసింది.

భూముల కొలతల కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రాతపరీక్షలో మొదటివాడు. ఇంటర్వ్యూ గది బయట వరుసలో ముప్ఫై మంది ఉన్నారు, లోపలివాళ్లకు భోజనం వేళయింది. ఆయన నోరు తెరిచీ తెరవకముందే "వెరీ గుడ్" అని పంపించేశారు. తీరా చేరాక జనం వచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మూడో రోజుకు ఆ వరుస కార్యాలయం గేటు దాటి, రోడ్డు దాటి, ఎదుటి చెప్పుల కొట్టు దాకా పాకింది. చెప్పుల కొట్టువాడికి ఆ వారం వ్యాపారం బాగుంది. నాలుగో రోజు ఆయన్ను కింది అంతస్తులోని రికార్డు గదికి పంపారు.

ఆ గదిని అందరూ పాతాళం అనేవాళ్లు. పద్దెనిమిది మెట్లు దిగాలి. నాలుగు వైపులా ఇనుప బీరువాలు, వాటిలో గుడ్డలో చుట్టిన పటాలు, పురికొసతో కుట్టిన కొలతల పుస్తకాలు. పైకప్పుకు దగ్గరగా ఒకే ఒక వెంటిలేటరు. అది వీధి కాలిబాట ఎత్తులో ఉండేది కాబట్టి అందులోంచి జనం కాళ్లు మాత్రమే కనిపించేవి. పైనుంచి చీటీ వస్తుంది, కిందినుంచి పుస్తకం వెళుతుంది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. శిక్ష వేశామని పైవాళ్లు మొహమాటపడ్డారు. ఆయనకు మాత్రం ప్రాణం లేచివచ్చింది.

చీటీలు తెచ్చే అటెండరు ఆయన ఈడువాడే. మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టునూ ఒక్కో తిట్టు తిట్టేవాడు, ఎక్కేటప్పుడు రెండేసి. ఆ మోకాళ్ల పుణ్యమే మొక్క రావడం.

అప్పటి పెద్దాఫీసరుకు ఎవరో గదుల్లో పెంచే అలంకరణ మొక్క ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఆయన బదిలీ మీద వెళుతూ దాన్ని వదిలేసి వెళ్లాడు. ఆయన స్థానంలో వచ్చినతను చూసి, "ఇదేంటయ్యా, బూడిద చల్లినట్టుంది! జబ్బు మొక్క. తీసి పారెయ్" అన్నాడు. చెత్తకుండీ పెరటి చివర ఉంది. అటెండరు ఎలాగూ చీటీతో పాతాళానికి దిగాలి కాబట్టి దాన్నీ మోసుకొచ్చి, పెరటి మాట మోకాళ్లను అడిగి చూసి, కుండీని రికార్డు గది గుమ్మంలో దించాడు.

"రేపు పారేస్తాలెండి గుమాస్తాగారూ" అన్నాడు. తర్వాత పదకొండేళ్లపాటు ఆ రేపు రాలేదు.

నాలుగు ఆకులు. అంచుల్లో మాత్రం పచ్చదనం, మధ్యంతా వెండి పూత పూసినట్టు తెల్లగా, దాని మీద అక్కడక్కడా పచ్చ మరకలు. కుండీకి అంటించిన చీటీ మీద అగ్లోనిమా అని రాసి ఉంది. అకారంతో ఆయనకు పడదు. వెండాకు అని పేరు పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లిచ్చినట్టు రోజూ పొద్దున్నే ఒక గ్లాసుడు పోశాడు. మూడు వారాలకు నాలుగు ఆకుల్లో రెండు పసుపుపచ్చగా మారి వాలిపోయాయి. దాహమేమోనని రెండు గ్లాసులు పోశాడు. మట్టి మురుగువాసన కొట్టింది. అప్పుడు పాత కాగితాలు పరిచి మొక్కను కుండీలోంచి ఊడబెరికి చూశాడు. వేళ్లు ఒక చేతిలోకి, వాటి కుళ్లిన పైతొక్క ఇంకో చేతిలోకి వచ్చాయి. కుండీకి అడుగున చిల్లు లేదు. మొక్క ఇన్నాళ్లూ బావిలో కూర్చుని ఉంది.

ఆయన ఎవర్నీ అడగలేదు. అడగడం కంటే కనిపెట్టడం తొందరగా అయ్యేది. పుస్తకాలు కుట్టే దారం తెంపే బ్లేడుతో కుళ్లిన వేళ్లన్నీ కోసేశాడు. చేతులు గంటసేపు దురదపెట్టాయి కాబట్టి ఈ మొక్క పాలు ఒంటికి పడవని, నోట్లోకి అసలు పోకూడదని తెలిసింది. ఫైళ్లు గుచ్చే దబ్బనం కాల్చి ప్లాస్టిక్ కుండీ అడుగున ఐదు చిల్లులు పొడిచాడు. మట్టిలో ఇసుక, చితకగొట్టిన ఇటుక ముక్కలు, కాస్త కొబ్బరిపీచు కలిపి మళ్లీ నాటాడు. ఆపైన చేయాల్సినదల్లా ఏమీ చేయకుండా ఉండడం. దానిలో ఆయనకు ముందునుంచీ అభ్యాసం ఉంది.

మట్టిలో వేలు రెండో కణుపు దాకా దించి, అక్కడ పొడిగా ఉంటేనే నీళ్లు. అలా చూస్తే ఎండాకాలంలో వారానికోసారి, చలికాలంలో రెండు మూడు వారాలకోసారి. కాగితాల దుమ్ము ఆకుల మీద పేరుకునేది కాబట్టి శనివారం శనివారం తడిగుడ్డతో తుడిచేవాడు. వెంటిలేటరు వైపే వంగిపోకుండా సోమవారం సోమవారం కుండీని పావువంతు తిప్పేవాడు. ట్యూబులైటూ, వెంటిలేటరులోంచి కాళ్ల సందుల్లో దిగే వెలుతురూ దానికి సరిపోయేవి. ఆ గదిలో ఒక మూల గోడ చెమ్మగిల్లేది. కాగితాలకు చెమ్మ పడదని ఆయన వాటిని అటునుంచి ఇటు సర్ది, మొక్కను ఇటునుంచి అటు సర్దాడు. ఒకసారి ఆకు మొదళ్లలో దూదిలాంటి తెల్లపురుగు పట్టింది. సబ్బునీళ్లలో దూది ముంచి నెలరోజులు ఒక్కో ఆకునూ బిడ్డ చెవి తుడిచినట్టు తుడిచాడు. పురుగుకే విసుగొచ్చి పోయింది.

మొక్క దగ్గర ఆయనకు నత్తి వచ్చేది కాదని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ వచ్చేది. బీరువా నంబరు చదువుతూనో, నడుము నొప్పి సంగతి చెబుతూనో మొక్క దగ్గర కూడా ఆగిపోయేవాడు. మొక్క మాత్రం మధ్యలో అందుకునేది కాదు. మాట ఎప్పుడు పూర్తయితే అప్పుడు పూర్తయ్యేది.

రెండు నెలలకో ఆకు, ఒక్కోసారి మూడు నెలలకు. చుట్టినట్టుగా మొలిచి, నింపాదిగా విప్పుకునేది. మొదట్లోంచి పిలకలు లేచాయి. కుండీ మూడుసార్లు మారింది. పదకొండో ఏట మొత్తం ముప్ఫైనాలుగు ఆకులు. చూడడానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు గానీ, వస్తే చూడదగ్గ మొక్కే.

ఆ ఏడు వచ్చారు. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు, ఒకావిడ, ప్రతి గదీ స్వయంగా చూస్తానన్నారు. అంతకుముందు ఏ ఆఫీసరూ పాతాళం మెట్లు దిగలేదు. వెనకాలే హెడ్‌గుమాస్తా దిగాడు. ఆయన ఎవరికైనా భయపడేది ఒకే ఒక విషయంలో: తప్పు తన మీదికొస్తుందేమోనని. మిగతా అన్ని విషయాల్లోనూ ధైర్యశాలి.

ఆవిడ బీరువాలు చూశారు. పుస్తకాలు చూశారు. మూల దగ్గరికొచ్చి ఆగిపోయారు.

"ఎంత బాగుందండీ! ఇది ఆఫీసు మొక్కేనా?"

"ఆఫీసుదే మేడమ్, ఆఫీసుదే" అన్నాడు హెడ్‌గుమాస్తా.

"ఇంత మంచి మొక్కను ఈ చీకట్లో ఎందుకుంచారు?" అని ఆవిడ గుమాస్తా వైపు చూశారు.

"ఇక్కడే ఉండాలండీ" అనబోయాడాయన. "ఇ... ఇ..."

"ఇచ్చేస్తాడు మేడమ్, ఇచ్చేస్తాడు" అన్నాడు హెడ్‌గుమాస్తా. "ఇవాళే పైకి పంపిస్తాం."

"అయ్యో, ఆయనకు ఇష్టమైతేనే" అన్నారావిడ.

"ఇ..." అన్నాడు గుమాస్తా.

"ఇష్టమేనంటున్నాడు మేడమ్."

సాయంత్రానికి మొక్క పద్దెనిమిది మెట్లూ, ఆపైన ఇంకో ఇరవైరెండు మెట్లూ ఎక్కింది. మోసింది అటెండరే. అన్ని మెట్లకు సరిపడా తిట్లు తన దగ్గర లేకపోవడంతో కొన్ని పాతవే మళ్లీ వాడాడు.

పైన దాన్ని పడమటి కిటికీ పక్కన పెట్టారు. మధ్యాహ్నం మూడింటి నుంచి అద్దంలోంచి ఎండ సూటిగా కొట్టేది. నెత్తిన ఏసీ. కింద చిల్లుల కుండీ నచ్చక, దాన్ని తీసుకెళ్లి మెరుగుపెట్టిన పెద్ద గంగాళంలాంటి దాంట్లో దించారు. దానికి చిల్లు లేదు. ఇక నీళ్లు. ఆఫీసరుగారికి ఇష్టమైన మొక్క కదాని పదింటికి అటెండరు పోసేవాడు. పదకొండింటికి హెడ్‌గుమాస్తా, ఆవిడ చూస్తున్నప్పుడు, పోసేవాడు. మధ్యాహ్నం కారు డ్రైవరు పోసేవాడు. సంతకాల కోసం వచ్చినవాళ్లు తమ గ్లాసులో మిగిలింది పోసేవాళ్లు. సాయంత్రం వెళ్లేముందు ఆవిడ స్వయంగా ఒక మగ్గుడు పోసేవారు. ఎవరికి వారు తాము పోసింది కాస్తే కదా అనుకున్నారు.

ఈ సంగతులన్నీ గుమాస్తాకు అటెండరు నోట తెలిసేవి.

"ఇవాళ ఇంకో ఆకు పడిందండీ" అనేవాడు చీటీ అందిస్తూ. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. ఇక్కడ ఆకులే కాలిపోయాయి. ఇంక ఏం పట్టుకుంటారో!"

గుమాస్తా పుస్తకం తీసి ఇచ్చేవాడు. మూల ఖాళీగా ఉంది. సోమవారం వచ్చినప్పుడు లేచి అక్కడిదాకా వెళ్లి, తిప్పడానికేమీ లేక వెనక్కొచ్చేవాడు.

ఆరు వారాలకు ఆవిడ హెడ్‌గుమాస్తాను పిలిచి, "మొక్క ఎందుకిలా అయిపోతోందండీ?" అని అడిగారు. ఆవిడ మామూలుగానే అడిగారు. కానీ హెడ్‌గుమాస్తా చెవికి అది విచారణలా వినపడింది. రొయ్యల బుట్ట సామెతలో లాగా అందరూ శాకాహారులే అయ్యారు, ఒక్కచుక్క నీళ్లు పోశామన్నవాడు లేడు. ఎవరో ఒకరు దొరకాలి. మర్నాడు పొద్దున్న పాతాళానికి ఒక మెమో దిగింది.

"విషయము: కార్యాలయ అలంకరణ మొక్క, ఆరోగ్యము క్షీణించుట, సంజాయిషీ కోరుట గురించి.

రికార్డు గది నుండి అధికారిణి గారి గదికి తరలించబడిన వెండి ఆకుల మొక్క, తరలింపు నాటికి ముప్పదినాలుగు ఆకులు కలిగి ఉండగా, నేటికి పందొమ్మిది ఆకులు మాత్రమే కలిగి, అందు ఏడు పసుపు వర్ణము దాల్చి ఉన్నవి. సదరు మొక్క పదకొండు సంవత్సరములు మీ ఆధీనమున ఉన్నందున, ఇట్టి పరిస్థితికి గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను. గడువులోగా జవాబు రానియెడల మీరు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును."

ఆ చివరి వాక్యం అన్ని మెమోల్లోనూ ఉండేదే. ఆయన దాన్ని నాలుగుసార్లు చదివాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి భోజనాల బల్ల తుడిచి, తెల్లకాగితాల దస్తా ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటండీ అది? ఆఫీసు పనా? ఇంటికి తెస్తున్నారా ఇప్పుడు? హెడ్‌గుమాస్తా చెప్పాడా? నాకు తెలుసు, ఆయనే" అంది భార్య. జవాబు కూడా తనే చెప్పుకున్నాక వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన రాశాడు. మర్నాడు సాయంత్రమూ రాశాడు. మూడో రోజు పొద్దున్న స్నానానికి వెళ్లొచ్చేసరికి, భార్య బల్ల దగ్గర నిలబడి కాగితాలు చదువుతోంది. పదకొండు పేజీలు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆవిడ కదల్లేదు.

మొదట్లో అంతా పద్ధతి ప్రకారమే ఉంది. పైన సూచించిన మెమోకు జవాబుగా మనవి చేయునది ఏమనగా, అని. తర్వాత మొక్క ఎలా వచ్చింది, వేళ్లు ఎలా కుళ్లాయి, చిల్లులు ఎందుకు పొడవాల్సి వచ్చింది. ఎండ సూటిగా పడితే వెండి భాగం కాగితంలా ఎండి గోధుమరంగుకు తిరుగుతుందనీ, అక్కడ పచ్చదనం తక్కువ కాబట్టి ఆ భాగానికి ఓపిక తక్కువనీ. ఏసీ చల్లగాలి ఈ మొక్క సహించదనీ, మనిషికి చొక్కా మీద చొక్కా తొడగాలనిపించే చోట దీన్ని ఉంచకూడదనీ. ఆరో పేజీలో నీళ్ల సంగతి. పదింటికి ఎవరు, పదకొండింటికి ఎవరు, మధ్యాహ్నం ఎవరు, సాయంత్రం ఎవరు. పేర్లు లేవు, హోదాలు ఉన్నాయి. సాయంత్రం వంతు దగ్గర "అధికారిణి గారు" అని ఉంది.

తొమ్మిదో పేజీలో ఇలా ఉంది:

"మొక్క నోరు లేనిది. తనకు చాలునని చెప్పలేదు. అందువలన చూచిన ప్రతివారును దాని అవసరమును తామే ఊహించి, తామే పూర్తి చేయుచున్నారు. వారి ఉద్దేశము మంచిదే. ఈ పద్ధతి వలన కలుగు నష్టమును ఈ గుమాస్తా స్వానుభవమున ఎరుగును. కొంతసేపు ఆగి చూచినచో మొక్క తనకు కావలసినది తానే తెలుపును. ఆకు వాలినచో దాహము. పసుపు తిరిగినచో నీరు ఎక్కువ. తెలుపుటకు దానికి రెండు మూడు వారములు పట్టవచ్చును. అంతవరకు ఓపిక పట్టవలెనని ప్రార్థన."

భార్య కాగితాలు బల్ల మీద పెట్టింది. పాలగిన్నె దించింది. మాడిన వాసన ఇల్లంతా ఉంది.

"ముప్ఫై ఏళ్లయింది మనకు పెళ్లయి" అంది. "నాకు ఒక్క ఉత్తరం ముక్కయినా రాయలేదు."

"ప... ప..." అన్నాడాయన.

ఆవిడ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. నమ్మకం చాలక చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ప... పక్కనే ఉన్నావు కదా" అన్నాడు.

"అది నిజమే" అని ఆవిడ మాడిన గిన్నె తోమడానికి వెళ్లిపోయింది. తోమినంతసేపూ ఏమీ మాట్లాడలేదు. అంతసేపు ఆ ఇంట్లో నిశ్శబ్దంగా ఉండడం చూసి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది.

మామూలుగా అయితే జవాబు అటెండరు చేతికిచ్చి పంపాలి. ఆయన స్వయంగా నలభై మెట్లూ ఎక్కాడు. ఆఫీసరు గది ముందు హెడ్‌గుమాస్తా బల్ల. ఆయన్ను దాటితే తప్ప ఏ కాగితమూ లోపలికి పోదు.

హెడ్‌గుమాస్తా జవాబు అందుకుని తిరగేశాడు. ఆరో పేజీ దగ్గర ఆగాడు. పదకొండింటి వంతు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. అక్కడ ఆయన హోదా స్పష్టంగానే ఉంది.

"ఇంత పురాణం ఎందుకయ్యా?" అన్నాడు గొంతు తగ్గించి. "పొరపాటైంది, మన్నించండి అని రెండు ముక్కలు రాసిస్తే పోయేదానికి! గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావు. దీన్ని ఇక్కడ వదిలెయ్. నేను చూసుకుంటాను."

"కా... కా..." అన్నాడు గుమాస్తా.

"కాగితాలు నా దగ్గరే ఉంచమంటావు. అంతేగా? ఉంచు."

అటెండరు గోడకు ఆనుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు. తర్వాత చాలాకాలం దాకా ఈ ఘట్టాన్ని మూడు అంతస్తుల్లోనూ చెప్పింది అతనే. మామూలుగా అయితే ఎదుటివాళ్లు మాట పూర్తిచేశాక గుమాస్తా తల ఊపి వెళ్లిపోతాడు. ఈసారి ఊపలేదు. అక్కడే నిలబడి, అప్పటికే పూర్తయిపోయిన మాటను మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు.

"కా... కా... కా... కాదు."

హెడ్‌గుమాస్తా చేతిలోంచి కాగితాలు తీసుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. హెడ్‌గుమాస్తా వెనకాలే పరిగెత్తాడు.

ఆవిడ పదకొండు పేజీలూ చదివారు. ఆరో పేజీలో సాయంత్రం వంతు దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదో పేజీ రెండుసార్లు చదివారు. తలెత్తి, "ఈ మెమో ఎవరిచ్చారు?" అన్నారు. హెడ్‌గుమాస్తా కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడేమీ లేదు.

"ఇది బతుకుతుందంటారా?" అని ఆవిడ గుమాస్తాను అడిగారు.

"ఇ... ఇ..."

"ఇంకెక్కడ బతుకుతుంది మేడమ్..." అని హెడ్‌గుమాస్తా అలవాటుగా అందుకున్నాడు.

"ఉండండి" అన్నారావిడ. "ఆయన్ని చెప్పనివ్వండి."

రెండు నిమిషాలు పట్టింది. మధ్యలో టెలిఫోను మోగి ఆగిపోయింది.

"ఇవాళే కోస్తే... బతుకుతుందండీ. త... తల్లి మొక్క కాదు. కొసలు."

ఆవిడ బల్ల మీద ఫైళ్లు తీసి పాత వార్తాపత్రికలు పరిచారు. గంగాళం వంచగానే బకెట్టుడు నీళ్లు వచ్చాయి. తీయడం మరిచిన ఒక ఫైలు తడిసింది. అది ఏనాటి నుంచో తేలని సరిహద్దు తగాదా తాలూకు ఫైలు కావడంతో ఎవరూ తొందరపడలేదు. వేళ్లన్నీ పోయాయి. కాండాలు మొదట్లో నొక్కితే మెత్తగా దిగిపోతున్నాయి. గుమాస్తా జేబులోంచి బ్లేడు తీసి, గట్టిగా ఉన్నచోట, కణుపుకు కాస్త కిందుగా కోశాడు. ఐదు కొసలు దక్కాయి. కింది ఆకులు తుంచేసి, పై రెండు మూడు మాత్రం ఉంచాడు. "చేతులు క... కళ్లకు తగలనివ్వకండి, దురద" అని మూడు విడతలుగా చెప్పాడు. అప్పటిదాకా ఆవిడ రెండు చేతులూ గాల్లో పట్టుకుని నిలబడ్డారు.

ఐదింటినీ గాజు గ్లాసుల్లో నిలబెట్టి కిందికి తీసుకెళ్లారు. మూడు రోజులకోసారి నీళ్లు మార్చడం ఒక్కటే పని. పది రోజులకు రెండు కుళ్లిపోయాయి. ఇంకో వారానికి మూడోది. నాలుగో వారం చివర్న మిగిలిన రెండింటికీ కణుపు దగ్గర తెల్లటి మొటిమల్లాంటివి లేచాయి. ఏడో వారానికి వేళ్లు చిటికెనవేలంత సాగాయి. అప్పుడు మట్టిలోకి మార్చాడు. ముప్ఫైనాలుగు ఆకుల మొక్క పోయి, తలా మూడు ఆకుల మొక్కలు రెండు మిగిలాయి. పదకొండేళ్లు పట్టిన పని. తిరిగి మొదట్నుంచి మొదలుపెట్టాడు. బాధపడ్డాడా అంటే పడ్డాడు. రెండు శనివారాలు భోజనం క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి తెచ్చాడు. భార్య అడగలేదు. అడగకుండా ఎదురుచూడడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది, మధ్యమధ్యలో మరిచిపోతోంది.

ఆఫీసరుగారు వారానికోసారి దిగి చూసి వెళ్లేవారు. ఒక మొక్క తనకివ్వమని అడిగితే, ఎనిమిది ఆకులొచ్చాక చూద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకున్నారు. ఎనిమిది ఆకులొచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. అప్పటికి ఆవిడకు బదిలీ అయింది. కుండీని ఒళ్లో పెట్టుకుని కారెక్కారు. డ్రైవరు నీళ్ల సీసా తీస్తే, "వద్దు. ఇంకా నాలుగు రోజులుంది" అన్నారు.

వెళ్లేముందు ఆవిడ ఆ పదకొండు పేజీల్లో ఆరో పేజీ తప్ప మిగతావన్నీ నకలు తీయించి అన్ని విభాగాలకూ పంపారు. ఆ కార్యాలయంలో అందరూ చివరిదాకా చదివిన సర్క్యులరు అదొక్కటే అంటారు. హెడ్‌గుమాస్తా కూడా చదివాడు. తన హోదా ఎక్కడా లేదని నిర్ధారించుకున్నాక బాగుందన్నాడు.

దానివల్ల పాతాళానికి జనం రావడం మొదలైంది. ఎవరి ఇంట్లో మొక్క వాడినా, చంకలో పెట్టుకుని పద్దెనిమిది మెట్లూ దిగేవాళ్లు. అడ్డుపడి మాటలు పూర్తిచేసేవాళ్లను అటెండరు మెట్ల మీదే హెచ్చరించేవాడు: "ఆయన చెప్పేదాకా ఆగండి. లేదంటే వెనక్కి పొండి. వెనక్కంటే పైకెక్కాలి, ఆలోచించుకోండి." జనం ఆగేవాళ్లు. భోజన విరామంలో ఒకోసారి వరుస మెట్ల సగం దాకా ఉండేది.

మొన్నామధ్య ఒక సర్వేయరు వచ్చాడు. కుండీలో ఒక పుల్ల, పుల్లకు రెండు ఎండిన ఆకులు. తాకితే రాలేలా ఉన్నాయి. పెళ్లిరోజుకు భార్య ఇచ్చిన మొక్కట. ఆవిడ పుట్టింటికి వెళ్లి నెలయింది, రేపు వస్తోందట.

గుమాస్తా కుండీ అందుకుని వెలుతురులో పట్టుకున్నాడు. మట్టిలో వేలు దించాడు. పుల్లను గోరుతో గీకి చూశాడు. లోపల కూడా గోధుమరంగే.

"చ..." అన్నాడు. "చ... చ..."

సర్వేయరుకు మెట్ల మీద విన్న హెచ్చరిక గుర్తుంది. రెండు చేతులూ కట్టుకుని, రెండు నిమిషాలూ ఆశగా నిలబడ్డాడు.

"చ... చచ్చిపోయిందండీ" అన్నాడు గుమాస్తా.

సర్వేయరు వేలితో ఒక ఆకును తాకాడు, అది రాలింది.

"మంచి కుండీ" అన్నాడు గుమాస్తా, మకారం కాబట్టి ఎక్కడా ఆగకుండా, దాన్ని తిరిగి అతని చేతికిస్తూ.